కప్పులో చచ్చిన పురుగు కాలువలో చస్తుందా?

దసరా ముందూ వెనకా పాలమూరు వైపు వెళ్తే రోడ్డు పక్కన సీతాఫలాల గంపలు బారులు తీరి ఉంటాయి. బాలానగర్ పేరుతో చెలామణి అయ్యే రకం ఇక్కడిదే. గుజ్జు ఐస్‌క్రీముకు పోతుంది, గింజ చెత్తకుప్పకు పోతుంది. ఆ గింజల సారంతో దోమ లార్వాలను చంపే ప్రయోగాలు ఓ డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబులో జరుగుతున్నాయని తెలిసి చూడబోయాను. కాలేజీ పేరు రాయనని ఆ ప్రయోగాలు చేయిస్తున్న మేడమ్ ముందే మాట తీసుకున్నారు. "పేరు రాస్తే రేపటినుంచి జనం గింజలు నూరి తొట్లలో కలుపుతారు సార్" అన్నారు.

మొదట దోమల గదికి తీసుకెళ్లారు. బల్లల మీద తెల్లటి ట్రేలు, వాటి వెనక సన్నటి జాలీ బిగించిన పంజరాలు. ట్రేల్లో పోసేది క్లోరిన్ పోయేదాకా నిల్వ ఉంచిన నీళ్లు. మేత కుక్క బిస్కెట్ పొడి మూడు వంతులు, ఈస్ట్ ఒక వంతు. "మా ఇంట్ల పిల్లలకు గూడ ఇంత టైముకు పెట్టం సార్" అన్నాడు అటెండర్, చిటికెడు పొడి చల్లుతూ. పొడి పడగానే నీళ్లన్నీ కదిలాయి.

పురుగు పడుకున్న తీరును బట్టి దాని జాతి చెప్పడం ఇక్కడి విద్యార్థులకు మొదటి పాఠం. బోదకాలు మోసే క్యూలెక్స్ తలకిందులుగా వేలాడుతుంది, తోక చివరి గాలి గొట్టాన్ని మాత్రం నీటి పైకి పెడుతుంది. డెంగీ మోసే ఏడిస్‌దీ అదే పద్ధతి, గొట్టం మాత్రం పొట్టి. మలేరియా మోసే అనాఫిలిస్‌కు గొట్టమే లేదు, అందుకే నీటి పైపొరను ఆనుకుని అడ్డంగా పడుకుంటుంది. గోడ మీద రొనాల్డ్ రాస్ బొమ్మ ఉంది. అనాఫిలిస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని ఆయన 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో గుర్తించాడు. దోమను ఎగరకముందే నీళ్లలో ఆపాలని తర్వాత ఊరూరా చెప్పిందీ ఆయనే. అప్పట్లో దానికి వాడింది కిరోసిన్, ఆ తర్వాత ఆర్సెనిక్ ఉన్న ప్యారిస్ గ్రీన్. ఇప్పుడు టెమిఫాస్ అనే రసాయనం, బీటీఐ అనే బాక్టీరియా.

పక్క గదిలో సాక్స్‌లెట్ గాజు సామాను మరుగుతోంది. నీడన ఎండబెట్టి దంచిన గింజల పొడిని కాగితపు గొట్టంలో కూరి పైన పెట్టారు. కింద ఫ్లాస్కులో మరిగే ద్రావకం ఆవిరై పైకెళ్లి, చల్లబడి, పొడి మీద చుక్కచుక్కగా పడి, సారాన్ని లాక్కుని మళ్లీ కిందికి దిగుతుంది. గంటల తరబడి ఇదే తంతు. మొదట హెక్సేన్‌తో నూనె తీసేసి, తర్వాత ఇథనాల్‌తో మిగతాది లాగుతారు. ద్రావకాన్ని ఆవిరి చేస్తే అడుగున ముదురు రంగు జిగురు ముద్ద మిగులుతుంది. సీతాఫలం గింజలోని అసిటోజెనిన్లు అందులో ఉంటాయి. కణంలో శక్తి తయారయ్యే మైటోకాండ్రియాలో అవి ఓ ముఖ్యమైన మెట్టును అడ్డుకుంటాయి. పురుగు శక్తి చాలక చచ్చిపోతుంది.

అసలు పరీక్ష చూడటానికి చాలా మామూలుగా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005 మార్గదర్శకాల ప్రకారం ఒక్కో కప్పులో 100 మిల్లీలీటర్ల నీళ్లు, 25 లార్వాలు, ఒక్కో మోతాదుకు నాలుగేసి కప్పులు. 24 గంటల తర్వాత సూదితో మెడ దగ్గర తాకుతారు. కదలకపోతే చచ్చినట్టు. కదిలినా పైకి తేలలేనిదాన్ని కూడా చచ్చినవాటితోనే లెక్కిస్తారు. నేను గాఢమైన సారం ఉన్న కప్పుల దగ్గరే నిలబడిపోతే మేడమ్ పక్కకు పిలిచారు. "ముందు ఇవి చూడండి" అంటూ మందు లేని కప్పులు చూపించారు. వాటిలో సారం ఉండదు, ద్రావకం మాత్రం అంతే ఉంటుంది. అక్కడ కూడా పురుగులు చస్తే చంపింది గింజ కాదన్నమాట. ఆ చావులు నూటికి ఐదు దాటితే 1925 నాటి అబాట్ సూత్రంతో లెక్క సవరిస్తారు. ఇరవై దాటితే పరీక్ష మొత్తం పారబోయాల్సిందే.

వేపకు ఈ 24 గంటల కొలత సరిపోదని పక్క బల్ల దగ్గరి అమ్మాయి వివరించింది. వేపలోని అజాడిరక్టిన్ పురుగు కుబుసం విడిచే ఏర్పాటునే చెడగొడుతుంది. ఇవాళ ఈదుతున్న లార్వా నాలుగు రోజుల తర్వాత చర్మం వదల్లేక చస్తుంది, లేదా ప్యూపాలోంచి సగం బయటికొచ్చి ఆగిపోతుంది. అందుకని ఆమె కప్పులను దోమలు బయటికొచ్చేదాకా కనిపెట్టుకుని ఉండాలి.

ఇంతవరకూ బాగానే ఉంది. మొక్కల సారాలు లార్వాలను చంపుతాయని చెప్పే పరిశోధనలు లెక్కలేనన్ని వచ్చాయి. వేప, కానుగ, వావిలి, తులసి, ఏ ఆకు గురించి వెతికినా ఏదో ఒక ఫలితం దొరుకుతుంది. మరి మున్సిపాలిటీ వాళ్ల పంపుల్లోకి ఇవి ఎందుకు రాలేదు? మేడమ్ బోర్డు మీద సుద్దతో లెక్క వేశారు. ఓ సారం 100 పీపీఎం దగ్గర పనిచేస్తుందనుకుందాం. అంటే లీటరుకు 100 మిల్లీగ్రాములు. వెయ్యి లీటర్ల ట్యాంకుకు 100 గ్రాముల ముద్ద కావాలి. పొడిలో పదో వంతు ముద్దగా దిగుతుందనుకున్నా కిలో పొడి పడుతుంది. లక్ష లీటర్ల మురుగు మడుగుకైతే వంద కిలోల పొడి, దాన్ని తడపడానికి డ్రమ్ముల కొద్దీ ద్రావకం. టెమిఫాస్‌కు తాగే నీళ్లలో అనుమతించిన గరిష్ఠ మోతాదు ఒక పీపీఎం. వెయ్యి లీటర్లకు ఒక్క గ్రాము. అదీ ఇక లాభం లేదనిపించే రోజు రావచ్చు, చాలా దేశాల్లో దోమలు దానికి అలవాటు పడుతున్నాయి. కొత్త మందు వెతకాల్సిన అవసరం అక్కడినుంచే పుట్టింది.

సాయంత్రం విద్యార్థులతో కలిసి కాలనీ మురుగు కాలువకు వెళ్లాం. పొడవాటి పిడి ఉన్న గరిటెతో నీళ్లు తోడి లార్వాలు లెక్కపెడుతున్నారు. గడప మీద కూర్చున్న ఓ పెద్దావిడ అడిగింది, "ఏం తోడుతున్రు బిడ్డా?" గింజల సంగతి చెబితే వెంటనే అందుకుంది. "సీతాఫలం గింజలా? చిన్నప్పుడు మా అవ్వ పేన్లకు నూరి తలకు పెట్టేది. కండ్లల్ల పడితె సచ్చేంత మంట." ఆ మంట ఉత్త మాట కాదు. ఈ పొడి పడి కంటి నల్లగుడ్డు పైపొర దెబ్బతిన్నవాళ్లను కంటి డాక్టర్లు చూస్తూనే ఉంటారు. చెట్టునుంచి వచ్చిందంటే మంచిదేనన్న నమ్మకం మనలో బలంగా పాతుకుపోయింది. కానీ కణంలో శక్తి తయారవడం దోమకూ, చేపకూ, మనకూ ఒకటే. బీటీఐకి ఉన్న గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. 1976లో ఇజ్రాయెల్ ఎడారిలో దొరికిన ఆ బాక్టీరియా దోమలనూ, వాటి దగ్గరి చుట్టాలనూ తప్ప నీళ్లలోని మిగతా జీవాల జోలికి దాదాపుగా పోదు.

కాలువ నీళ్లు కప్పులో నీళ్లు కావు. బురద సారాన్ని పీల్చేస్తుంది, ఎండ విరిచేస్తుంది, ప్రవాహం మోసుకుపోతుంది. చెట్టు మారితే, నేల మారితే, కోత కాలం మారితే సారం బలం కూడా మారుతుంది. పైగా పురుగుమందుగా అమ్మాలంటే 1968 చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. అక్కడ తయారీ తయారీకీ ఒకే బలం చూపించాలి. అందుకే ఇంటి ముందు డ్రమ్ముకు, కూలరుకు నేను సిఫార్సు చేసేది గింజల పొడి కాదు, శుక్రవారం డ్రై డే. నీళ్లు పారబోసి, గోడలు గట్టిగా రుద్ది ఆరబెట్టాలి. గోడకు అంటుకున్న ఏడిస్ గుడ్లు నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి కాబట్టి రుద్దడం మానకూడదు. గింజల సారానికి పని ఉంటే, అది తాగడానికీ, చేపలకూ పనికిరాని చిన్న చిన్న నిల్వ నీళ్లలోనే ఉంటుంది.

వచ్చే విడతలో ఇదే సారం గప్పీ చేపల మీదా, తూనీగ పిల్లల మీదా పరీక్షిస్తున్నారు. ఆ రెండూ లార్వాలను తినేవే. అవీ చస్తే ఏం చేస్తారని అడిగాను. "అదీ రాస్తాం సార్. లేకపోతే ఇంకో కాలేజీ మళ్లీ ఇవే గింజలు నూరుతుంది" అన్నారు మేడమ్.