పెరిగోర్ పల్లెల్లో అతిథి భోజనం

ఫ్రాన్స్ దేశపు నైరుతి భాగంలో దోర్దోన్ నది ప్రవహించే ప్రాంతానికి పెరిగోర్ అని పాత పేరు. ఓక్ అడవులు, అక్రోటు తోటలు, పసుపు వన్నె సున్నపురాతితో కట్టిన ఇళ్లు, కొండకొమ్మున కోటలు అక్కడి దృశ్యాలు. 1940లో బయల్పడిన లాస్కో గుహలోని ఆదిమానవుల చిత్రాలు ఈ సీమకు ప్రపంచఖ్యాతి తెచ్చాయి. యాత్రికులు కోటలనూ గుహలనూ చూసి వెళతారు. అయితే ఒక జాతి జీవన విధానం కోటగోడల మీదకంటే వంటింట్లోనే స్పష్టంగా కనిపిస్తుంది. పెరిగోర్‌లో ఆ వంటింటి గడప దాటడానికి పరాయివారికి కూడా ఒక దారి ఉంది.

ఇల్లే విడిది

ఆ దారి పేరు ‘షాంబ్ర్ దోత్’, అంటే అతిథుల గది. ఇది హోటలు కాదు. గృహస్థులు తాము నివసించే ఇంట్లోనే కొన్ని గదులను బాటసారులకు అద్దెకిస్తారు. అయిదు గదులకు, పదిహేనుమంది అతిథులకు మించరాదని ఫ్రెంచి చట్టం పరిమితి విధించింది. గది అద్దెలోనే ఉదయపు ఫలహారం కలిసి ఉండాలి. గదులు అద్దెకిస్తున్న సంగతి ఊరి మేయరు కార్యాలయానికి ముందే తెలియజేయాలి.

రాత్రి భోజనం కూడా పెట్టే ఇళ్లున్నాయి. దానిని ‘తాబ్ల్ దోత్’ అంటారు. ఈ భోజనం ఆ ఇంట బస చేసినవారికే తప్ప దారిన పోయేవారికి అమ్మరాదు. వంటకాల జాబితా ఉండదు. ఆనాడు ఇంట్లో ఏది వండితే అదే అందరికీ. ఇంటివారి బల్ల వద్దనే, చాలాచోట్ల ఇంటివారితో కలిసే అతిథులు భోంచేస్తారు.

ఈ ఏర్పాటు వెనుక పల్లెల కష్టకాలం ఉంది. రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత యువకులు పట్టణాలకు తరలిపోయారు. పొలాలు చిన్నవి, రాబడి స్వల్పం, పాత ఇళ్లు శిథిలమవుతున్నాయి. మరోవైపు 1936 నుండి కార్మికులకు జీతంతో కూడిన సెలవులు లభిస్తున్నా, ఖరీదైన హోటళ్లలో దిగే స్తోమత వారిలో చాలామందికి లేదు. ఈ రెండు అవసరాలనూ కలుపుతూ 1951లో ఆల్ప్స్ పర్వత ప్రాంతపు ఒక పల్లెలో తొలి గ్రామీణ విడిది తెరుచుకుంది. 1955లో ‘జీత్ ద ఫ్రాన్స్’ అనే జాతీయ సమాఖ్య ఏర్పడింది. అతిథి ఇచ్చే పైకం ఎన్నో పాత ఇళ్ల పైకప్పులను నిలబెట్టింది.

వంటింటి దినచర్య

ఇలాంటి ఇంట్లో పని వేకువనే మొదలవుతుంది. మొదట రొట్టె తేవాలి. ‘సంప్రదాయ రొట్టె’ అనే పేరుతో అమ్మేదానిలో పిండి, నీరు, ఉప్పు, పులియబెట్టే పదార్థం ప్రధానంగా ఉండాలనీ, నిలువ ఉంచే రసాయనాలు కలపరాదనీ 1993లో ప్రభుత్వం ఉత్తర్వు జారీ చేసింది. రొట్టెతోపాటు వెన్న, ఇంట కాచిన పండ్ల జాము, కాఫీ బల్ల మీదకు వస్తాయి. అతిథులు ఊరు చూడ వెళ్లగానే గదులు శుభ్రపరచి, దుప్పట్లు ఉతికి, తోటలో కూరగాయలు కోసుకోవాలి. సార్లా పట్టణంలో బుధ, శనివారాల్లో పెద్ద సంత జరుగుతుంది. ఏ కాలంలో ఏది పండితే ఆ పూట వంట అదే: వసంతంలో స్ట్రాబెర్రీ, శరత్తులో ‘సెప్’ అనే అడవి పుట్టగొడుగులు, అక్రోట్లు.

రాత్రి భోజనానికి ఒక వరుస ఉంది. మొదట సూపు లేదా పచ్చికూరల సలాడు, తర్వాత ప్రధాన వంటకం, ఆపై జున్ను, చివరకు తీపి. ఈ వరుస గల ఫ్రెంచి విందు భోజన సంప్రదాయాన్ని యునెస్కో 2010లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. కానీ పల్లె గృహిణి నేర్పు పొదుపులో కనిపిస్తుంది. ఎందరు తింటారో ముందే తెలుసు గనుక ఆహారం వృథా కాదు. ఎండిన రొట్టె ముక్కల మీద వెల్లుల్లి సూపు పోస్తే అదే ‘తురాన్’ అనే పేరుగల వంటకం. పూర్వం శీతాకాలపు రాత్రులలో స్త్రీలు పొయ్యి చుట్టూ చేరి, చిన్న కొయ్యసుత్తితో అక్రోట్లు పగులగొట్టేవారు. ఆ పప్పు నుండి తీసిన నూనెను నేటికీ సలాడు మీద పచ్చిగానే చల్లుతారు. ఎక్కువ వేడి దానికి పడదు.

ముస్లిం అతిథి జాగ్రత్తలు

ఐరోపాలో చదువుకునే, ఉద్యోగాలు చేసే మన పిల్లలు, వారిని చూడబోయే తల్లిదండ్రులు ఇలాంటి ఇళ్లలో దిగే అవకాశం ఉంది. అటువంటివారు ఒక విషయం గమనించాలి. పెరిగోర్ వంటకు ప్రాణం బాతు కొవ్వు. వెల్లుల్లి, కొత్తిమీరను పోలిన పార్స్లీ ఆకు వేసి వేయించే సార్లా బంగాళాదుంపలు చూపులకు శాకాహారమే. కానీ వాటిని వేయించేది బాతు కొవ్వులో. బాతు మాంసం మనకు నిషిద్ధం కాకపోయినా, ధర్మబద్ధంగా జబహ్ చేయని బాతు కొవ్వు సమస్యే అవుతుంది. వెల్లుల్లి సూపును కూడా అదే కొవ్వుతో పోపు పెట్టడం ఆనవాయితీ. ఆకుకూర సలాడులో పంది మాంసపు చిన్న ముక్కలు, పులుసులో ద్రాక్షసారా, తీపి వంటకంలో రమ్ము లేదా జెలటిన్ ఉండవచ్చు. జున్ను కోసం పాలను విరగ్గొట్టే రెన్నెట్‌ను తరచు దూడ పొట్ట నుండి తీస్తారు. దీనిపై ధర్మవేత్తల మధ్య అభిప్రాయ భేదముంది కనుక, తాము విశ్వసించే పండితుని ముందే అడిగి తెలుసుకోవడం మేలు.

అందుచేత ‘మేము మాంసం తినము’ అన్నంత మాత్రాన సరిపోదు. కొవ్వు, సారాయి కూడా కూడదని విడమరచి చెప్పాలి. అదీ బల్ల వద్ద కూర్చున్నాక కాదు, గది కుదుర్చుకునేటప్పుడే. ఒకే వంట వండే ఇంట్లో చివరి క్షణంలో వద్దనడం ఆ ఇల్లాలి దినమంతటి శ్రమను తోసిపుచ్చడమే. ముందుగా తెలిస్తే ఆమెకు దారులు చాలా ఉన్నాయి: శుభ్రమైన పెనం మీద వెన్నతో వేసిన పుట్టగొడుగుల ఆమ్లెట్, ఏటి చేప, పొద్దుతిరుగుడు నూనెలో వేయించిన దుంపలు, అక్రోటు నూనె చల్లిన టమాటాలు, పండ్లు.

మరొక చిక్కు, ఆ బల్ల మీద సారా సీసా ఉండటం సర్వసాధారణం. సారాయి తాగే పంక్తిలో కూర్చోవడం మనకు తగదు. తమ కుటుంబానికి ముందుగానో విడిగానో వడ్డించమని మర్యాదగా కోరవచ్చు. జూన్ నెలలో అక్కడ సూర్యుడు అస్తమించేది రాత్రి పదింటికి కాస్త ముందు; మగ్రిబ్ నమాజుకు ముందే తీరికగా భోజనం ముగుస్తుంది. అదీ కుదరదనుకుంటే ‘జీత్’ అనే విడి ఇల్లు తీసుకోవచ్చు. అందులో వంటిల్లు ఉంటుంది. పట్టణంలోని హలాల్ దుకాణం నుండి మాంసం తెచ్చి, సంతలో కూరలు కొని మన వంట మనమే చేసుకోవచ్చు.

అతిథిని గౌరవించమన్న దైవప్రవక్త (స) బోధ మన ఇళ్లలో పసివారికి కూడా తెలుసు. ఆతిథేయికి భారమయ్యేంతగా అతని ఇంట ఉండిపోరాదని ఆయన అతిథికి చేసిన హెచ్చరికను మాత్రం మనం అంతగా తలచుకోము. పైకం చెల్లించినంత మాత్రాన ఈ బాధ్యత తీరిపోదు. మన నియమం ఏమిటో సకాలంలో, సౌమ్యంగా చెప్పడం, వడ్డించినదాన్ని మెచ్చుకుని తినడం, లేచేటప్పుడు కృతజ్ఞత తెలపడం పరాయి ఇంట దిగినవాడి విధులు. ఇస్లాం గురించి పుస్తకాలలో ఏమీ చదవని ఆ పల్లె కుటుంబం ముస్లిం అంటే ఎవరో తెలుసుకునేది ఆ ఒక్క పూట భోజనంలోనే కావచ్చు.