కాళ్ళు చూడండి బాబూ!

మా కార్ఖానా కుర్రాళ్ళకి సినిమా హాల్లో ఈలంటే ప్రాణం. బాస్కెట్‌బాల్ కోర్టులో రిఫరీ ఊదితే మాత్రం ఒళ్ళు మంట! "బంతి పడిందిగా, మళ్ళీ ఈ ట్రావెలింగ్ గోలేంటి?" అంటారు.

నిలబడి బంతి పట్టుకున్నాక ఒక పాదం ఎత్తారో, రెండోది నేలకి మేకు కొట్టినట్టే. అదే పివట్. దానిమీద గిర్రున ఎంత తిరిగినా సరే. షాట్ కోసమో, పాస్ కోసమో ఎత్తొచ్చు, తిరిగి నేల తాకేలోగా బంతి చెయ్యి దాటాలి. డ్రిబుల్‌కైతే ముందు బంతి వదలాలి, తర్వాతే ఆ కాలు లేవాలి. మనవాళ్ళు దొరికిపోయేది ఇక్కడే!

పరుగులో పట్టుకుంటే వేరు. అంతర్జాతీయ సమాఖ్య ఫీబా 2017 అక్టోబరు నుంచి ఓ వెసులుబాటు ఇచ్చింది. బంతి అందినప్పుడు నేలమీదున్న పాదం సున్నా. ఆ తర్వాతే ఒకటి, రెండు. 'దసరా బుల్లోడు' (1971)లో అక్కినేని ఎన్ని స్టెప్పులేసినా ఈలలే. ఇక్కడ మూడోది పడితే బంతి అవతలివాళ్ళది!

ఈ సున్నా సంగతి తెలీక మొన్నో మ్యాచ్‌లో మా వీధమ్మాయిని జనం "నడిచింది, నడిచింది" అని ఎగతాళి చేశారు. స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం కోసం ఏళ్ళ తరబడి ఆడుతున్న పిల్ల. రిఫరీ ఊదలేదు, బాస్కెట్ లెక్కలోకొచ్చింది. ఆ తర్వాత మాత్రం దారి దొరికినా ఆ అమ్మాయి బుట్టవైపు పోలేదు, పాసులిస్తూనే ఆట ముగించింది.