ఊరికే ఇచ్చిన పాట

ఇండియన్ ఓషన్ బ్యాండ్ 2010లో '16/330 ఖజూర్ రోడ్' ఆల్బమ్‌ని ఏ కంపెనీకీ ఇవ్వలేదు. ఏడు పాటలూ నెలకొకటి చొప్పున నెట్‌లో ఉచితంగా పెట్టేసింది. 2009 డిసెంబర్‌లో పోయిన అశీమ్ చక్రవర్తి గొంతు అందులో ఉంది. ఇరవయ్యేళ్లు కలిసి వాయించినోళ్ల నింపాది ఉంది. ఆ పేరు ఢిల్లీ కరోల్‌బాగ్‌లో వాళ్లు ప్రాక్టీస్ చేసిన పాత ఇంటి అడ్రస్.

మాది శ్రీహరికోట పక్కనే. రాకెట్ల కోసం ఊళ్లు వదిలిన యానాదుల అడ్రస్‌లు ఏ పాట మీదా లేవు. సరే, అది వేరే పోస్టు.

'ఉచితం' అనే మాటే నాకు మింగుడుపడదు. మా తాత చావులకీ జాతరలకీ పలక కొట్టిందీ ఊరికేనే. వాళ్లు అమ్ముకోగలిగీ ఇచ్చారు. తాతకి కాదనే వీలే లేదు, అది వెట్టి. మిత్రులారా, మన సభల్లో పాడినోళ్లకి బస్సు చార్జీలన్నా ఇస్తున్నామా?