ఆంచెలోట్టి ఉన్నాడని...

బస్సులో పక్క సీటు కుర్రాడు ఫోన్లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ ఎవర్టన్ పాత మ్యాచ్ చూస్తున్నాడు. హామెస్ రోడ్రిగెజ్ ఎడమ కాలితో కొట్టిన బంతి మైదానం ఆ చివర రిచార్లిసన్ కాళ్ల దగ్గరే వాలింది. నేనూ మెడ సాచి చూశాను. అబ్బ, ఏం పాస్ అది!

హామెస్ అంటే 2014 వరల్డ్ కప్‌లో 6 గోల్స్‌తో గోల్డెన్ బూట్ గెలిచినవాడు.
రియల్ మాడ్రిడ్ వదిలి 2020లో ఎవర్టన్‌కి వచ్చాడు. అంతకుముందు సీజన్లో వాళ్లది 12వ స్థానం!

అక్కడ కోచ్ ఆంచెలోట్టి మరి.
మాడ్రిడ్‌లో, బయర్న్‌లో హామెస్ ఆయన దగ్గరే ఆడాడు. ఆయన దగ్గర నాపోలిలో ఆడిన అలన్ కూడా అప్పుడే వచ్చాడు.

జీతం ఇచ్చే క్లబ్బులు బోలెడు. తన ఆట తెలిసిన మనిషి ఎక్కడుంటే అక్కడికి వెళ్లాలనిపించడం... నాకు భలే నచ్చుతుంది.

2021లో ఆంచెలోట్టి వెళ్లిపోయాడు. కొన్ని నెలలకే హామెస్ కూడా.

మీరెప్పుడైనా ఒక మనిషిని చూసి ఉద్యోగంలో చేరారా? చెప్పండి.