‘అజాగ్రత్త’ అని రాసేస్తే అయిపోయినట్టేనా?

ఫ్యాక్టరీలో పెద్ద ప్రమాదం జరిగితే టీవీలు వస్తాయి, నాయకులు వస్తారు, ‘యాజమాన్యం నిర్లక్ష్యం’ అని హెడ్డింగులు పడతాయి. అది అందరికీ తెలిసిందే. నేను చెప్పేది పేపర్‌కెక్కని చిన్న ప్రమాదాల గురించి. వేలు నలగడం, చెయ్యి కాలడం, కళ్లలో ఏదో చిమ్మడం. అక్కడ సీన్ రివర్స్. నిర్లక్ష్యం ఎప్పుడూ దెబ్బ తగిలినవాడిదే.

మాది గాజువాక. మా వీధిలో ఏ తలుపు తట్టినా స్టీల్ ప్లాంటో, పోర్టో, పరవాడ ఫార్మాసిటీయో ఉంటుంది. మా మావయ్య ఒక ఫార్మా కంపెనీలో కాంట్రాక్టు ఫిట్టర్. నాలుగేళ్ల కిందట స్టీమ్ లైన్ ఫ్లాంజ్ విప్పుతుంటే లోపల నిలిచిన వేడినీళ్లు చిమ్మి కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. రిపోర్టులో కారణం అనే గడి ఉంటుందట. అందులో రెండే మాటలు: ‘వర్కర్ అజాగ్రత్త’. ఆ లైన్ డ్రెయిన్ వాల్వ్ పూడుకుపోయి నెలలైందని షిఫ్టులో అందరికీ తెలుసు. కానీ ఆ సంగతి ఏ గడిలోనూ లేదు. మూడో రోజే కట్టుతో ఆఫీసుకి రప్పించి, కుర్చీలో కూర్చోబెట్టి హాజరు వేశారు. గేటు దగ్గర ‘ప్రమాదం లేని రోజులు’ అని బోర్డుంది కదా, ఆ అంకె మళ్లీ సున్నా కాకూడదు.

నన్ను కుదిపేసింది అది కాదు. మావయ్య కూడా ఆ రిపోర్టునే నమ్మేశాడు. “నా టైమ్ బాగోలేదురా అల్లుడూ, రాసిపెట్టుంటే ఏటి సేస్తాం?” అన్నాడు. అత్త దిష్టి తీసింది, గుమ్మానికి నిమ్మకాయ కట్టింది. కంపెనీ ‘అజాగ్రత్త’ అంది, ఇల్లు ‘తలరాత’ అంది. రెండూ మావయ్య దగ్గరే ఆగిపోయాయి. వాల్వ్ దాకా ఒక్కటీ వెళ్లలేదు.

నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఒకసారి లైవ్ డేటాబేస్‌లో ఒక టేబుల్ ఎగరగొట్టేశాడు. మర్నాడు మీటింగ్‌లో ‘వీడెందుకు ఇలా చేశాడు’ అని ఎవరూ అడగలేదు. ‘ఒక్క కమాండ్‌తో టేబుల్ పోయేలా సిస్టమ్ ఎందుకుంది’ అని అడిగారు. దీన్ని బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్ అంటారు. డేటా పోతే ఇంత మర్యాద ఉంది. చర్మం కాలితే ఎందుకు లేదు?

నిజానికి ఈ ఆలోచన మా ఐటీవాళ్లు కనిపెట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ బీ-17 పైలట్లు నేల మీదికి దిగాక ఫ్లాప్స్ లివర్ బదులు చక్రాల లివర్ లాగేసేవారు. విమానం పొట్ట మీద కూలబడేది. అందరూ పైలట్ తప్పన్నారు. అల్ఫోన్స్ చపానిస్ అనే సైకాలజిస్టు కాక్‌పిట్‌లోకి వెళ్లి చూస్తే రెండు లివర్లూ ఒకేలా, పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానికి చిన్న చక్రం ఆకారంలో పిడి పెట్టించాడు. తడిమితేనే తెలిసిపోతుంది.

మరి ఫ్యాక్టరీల్లో పాత పాటే ఎందుకు? 1931లో హెన్రిచ్ అనే అమెరికన్ ఇన్సూరెన్స్ ఉద్యోగి రాసిన పుస్తకంలో 88 శాతం ప్రమాదాలకు మనుషుల పనులే కారణమని ఉంది. ఆ అంకె ఇప్పటికీ సేఫ్టీ క్లాసుల స్లైడ్లలో తిరుగుతోంది. ఆయన లెక్క తీసింది ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఫైళ్ల నుంచి, ఫ్యాక్టరీ యజమానుల రికార్డుల నుంచి. అంటే మావయ్య రిపోర్టులాంటివే అనుకోండి. ‘అజాగ్రత్త’ అని రాసిన కాగితాలన్నీ పోగేస్తే అజాగ్రత్తే కదా తేలేది!

నిమ్మకాయల్ని వెక్కిరించాలని నాకు లేదు. ఒక విషయం చూడండి. దసరాకి ఆయుధపూజ రోజు మెషీన్లు ఆపుతారు, తుడుస్తారు, గ్రీజు పెడతారు. రిపేరుకి లైన్ ఆపమంటే ‘టార్గెట్ ఉంది’ అనేవాళ్లు కూడా ఆ రోజు నోరెత్తరు. ఆ డ్రెయిన్ వాల్వ్ చివరికి మారింది కూడా ఆ రోజే. పూజకి లైన్ ఆగింది కదా అని మావయ్యవాళ్లు విప్పి కొత్తది బిగించేశారు. ఇది భక్తో, మెయింటెనెన్సో మీరే చెప్పండి.

మాకు దగ్గర్లోనే ఆర్.ఆర్. వెంకటాపురం. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది, 12 మంది చనిపోయారు. ప్లాంటులో సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటు ఉన్నా మోగలేదని ప్రభుత్వ హైపవర్ కమిటీ తేల్చింది. ఆ రాత్రి ఊళ్లో నిద్రపోతున్నవాళ్లది ఏ అజాగ్రత్త?

ఇక భాష సంగతి. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్ ప్రకారం నోటీసులు ఇంగ్లీషులోను, ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలోను ఉండాల్సి ఉండేది. మరి తక్కువమంది సంగతి? మావయ్య షిఫ్టులో ఒడిశా కుర్రాళ్లు ఆరుగురు. ట్యాంకు మీద ‘పరిమిత ప్రదేశం’ అని తెలుగు బోర్డుంది. నాకే అర్థం కాలేదు. ‘లోపలికి దిగితే ఊపిరాడదు’ అని రాస్తే పోయేదేముంది? మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం నాడు అందరి చేతా తెలుగులో ప్రతిజ్ఞ చేయిస్తారు. ఆ ఆరుగురూ చేతులు చాచి పెదాలు కదుపుతారు. సంతకాలూ పెడతారు. రేపు ఏదైనా అయితే ‘ట్రైనింగ్ ఇచ్చాం’ అనడానికి ఆ సంతకాలు చాలు.

మావయ్య వాళ్ల దగ్గర ఒడియా మాటలు నాలుగు నేర్చుకున్నాడు: ఆగు, వేడి, పైన చూడు, పరిగెత్తు.