గీత పడిన కారు

మీ ఇంట్లో కూడా పాతదైన ఒక వస్తువు ఉండే ఉంటుంది. తాతగారి నాటి ఇత్తడి గంగాళమో, అమ్మమ్మ పెండ్లినాటి టేకు మంచమో, గోడ గడియారమో. మా ఇంట ఉన్నది కారు. 1984 నాటి తెల్ల అంబాసిడరు, మార్క్ 4. దానిని మా నాయనగారు 1993లో ఒక మిల్లు యజమాని వద్ద కొన్నారు. ఆ కారు వలన మేము పొందిన సంతోషాన్ని, మధ్యలో కొన్నేండ్లు ఆ సంతోషాన్ని చేజేతులా పోగొట్టుకున్న సంగతిని ఈ నెల మీతో పంచుకోవాలని ఆశించాము.

మాది బాపట్లకు దగ్గరలోని పల్లె. నాయనగారు కాంపౌండరు. అప్పట్లో మా ఊరికి రాత్రి ఏడు దాటితే బస్సు లేదు. అందుచేత ఆ కారు మా ఒక్క ఇంటిది కాలేదు, ఊరి కారు అయ్యింది. పురిటి నొప్పులు వచ్చినా, పాము కరిచినా, పెండ్లికూతురిని తీసుకురావాలన్నా మా వాకిట్లోకే వచ్చేవారు. ముందు సీటు ఒకే బల్లలా ఉంటుంది గనుక, గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉంటుంది గనుక, ముందు ముగ్గురు కూర్చున్నా ఇబ్బంది ఉండేది కాదు. డిక్కీలో వడ్ల బస్తా, పైన కారియరు మీద మంచం. నాయనగారు ఏనాడూ విసుక్కోలేదు. బంపరుకు సొట్ట పడితే "ఇది ఫలానా వాళ్ళ పెండ్లిలో పడింది" అని నవ్వుతూ చెప్పేవారు. కారుకున్న ప్రతి సొట్టకూ ఆయన దగ్గర ఒక కథ ఉండేది.

2016లో నాయనగారు ప్రభువునందు నిద్రించారు. కారు మా చేతికి వచ్చింది. మూడేండ్లు పాకలోనే ఉండిపోయింది. కోళ్ళు గుడ్లు పెట్టాయి, ఎలుకలు వైర్లు కొరికాయి. 2019లో మా సహధర్మచారిణి చీటీ పాడి, ఆ సొమ్ము మా చేతిలో పెట్టింది. కారును విజయవాడ ఆటోనగర్‌కు లారీ మీద చేర్చాము. అంబాసిడరుకు సామాను దొరకదేమోనని మొదట భయపడ్డాము గాని, ఆ భయం అక్కడే తీరింది. ఈ కారును ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీసు నమూనా మీద 1957 నుండి పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో తయారు చేశారు. 2014 మే నెలలో ఆపివేశారు. ఇన్ని దశాబ్దాలు ఆకారం పెద్దగా మారకుండా వచ్చిన బండి గనుక, పాత సామాను వెదికితే ఇప్పటికీ దొరుకుతూనే ఉన్నది. టింకరింగు, పుట్టీ, రంగు, కొత్త సీటు గుడ్డ, అన్నీ పూర్తయి కారు ఇంటికి వచ్చిన రోజు ఊరు ఊరంతా చూడవచ్చింది. దేవునికి స్తోత్రం చెల్లించి, పిల్లలతో సూర్యలంక తీరం వరకు వెళ్ళి వచ్చాము.

ఆ మరునాటి నుండే మాకు చింత పట్టుకున్నది.

సముద్రపు ఉప్పుగాలికి తుప్పు పడుతుందని ప్లాస్టిక్ పట్టా కప్పి తాళ్ళతో బిగించాము. రంగు పోతుందని ఎండలోకి తీయలేదు. బురద పడుతుందని వానలోకి తీయలేదు. దారిలో ఆగిపోతే పరువు పోతుందని దూరం వెళ్ళలేదు. రాత్రి కుక్క బానెట్టు మీదికి ఎక్కినట్లు చప్పుడైతే టార్చి పట్టుకుని లేచేవారము. "15 ఏళ్ళు దాటిన బండ్లన్నీ గవర్నమెంటు పట్టుకెళ్ళి తుక్కు చేస్తుందట" అని ఒకరు అంటే ఆ రాత్రంతా నిద్ర లేదు. సంఘ బిడ్డలు కారు దగ్గరకు వస్తే "చెయ్యి పెట్టకండి, దూరంగా నిలబడి చూడండి" అనేవారము. చింతపడవద్దని ఆదివారం ప్రసంగం చేసేది మేమే, సోమవారం పట్టా తాళ్ళు సరిచూసుకునేదీ మేమే.

2022 వేసవిలో మందిరంలో పిల్లలకు బైబిలు పాఠశాల జరుగుతున్నది. మొదటి రోజు మధ్యాహ్నం ఎనిమిదేండ్ల బాలుడొకడు సైకిలును కారుకు ఆనించబోయాడు. హ్యాండిలు తగిలి ఎడమ తలుపు మీద మూరెడు గీత పడింది. మేము పరుగెత్తి వెళ్ళి, అందరు పిల్లల ఎదుటా వానిని గద్దించాము. చెయ్యి చేసుకోలేదు గాని, మా నోట వచ్చిన మాటలు ఇక్కడ వ్రాయదగినవి కావు. వాడు ఏడవను కూడా ఏడవలేదు. సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు. మరునాడు రాలేదు. ఆ మరునాడూ రాలేదు.

నాలుగవ రోజు సాయంత్రం వాని అమ్మమ్మ మా గుమ్మం ముందు నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అయ్యగారూ, కారుకు ఎంత నష్టమో చెప్పండి. మిరప కోత డబ్బులు రాగానే కట్టేస్తాం."

"డబ్బు మాట వద్దులేమ్మా. పిల్లవాడిని పాఠశాలకు పంపించు" అన్నాము.

"వాడు రానంటున్నాడయ్యా. ఆ కారు ఉన్న చోటికి రాడంట." కొంచెం ఆగి మళ్ళీ అన్నది: "వీడి తల్లి పుట్టింది ఈ కారులోనే అయ్యగారూ. 94లో, వానలో, బాపట్ల చేరకముందే, వెనక సీట్లో. సీటంతా పాడైపోయింది. నేను కడుగుతానంటే కాంపౌండరు గారు ఒప్పుకోలేదు. 'కడిగితే పోయేదానికి ఏమిటమ్మా, బిడ్డను చూసుకో' అన్నారు. ఆ సంగతి మీకు తెలియదు కాబోలు."

నిజముగా మాకు తెలియదు. నాయనగారు సొట్టల కథలన్నీ చెప్పారు గాని, ఆ కథ మాత్రం చెప్పలేదు. ఆ తల్లి మర్యాద కోసం చెప్పలేదని ఇప్పుడు అనుకుంటున్నాము.

ఆ రాత్రి అన్నం సయించలేదు. మా సహధర్మచారిణి మెల్లగా అన్నది: "ఏమండీ, మామయ్యగారు మీకు కారు ఇచ్చి వెళ్ళారు. మీరేమో దానికి కాపలా ఉద్యోగం చేస్తున్నారు. నా చీటీ డబ్బులు ఇందుకు కాదు ఇచ్చింది." మాకు జవాబు లేదు.

తెల్లవారి కారు పట్టా విప్పాము. అప్పుడు చూచినది మమ్మును ఇంకా సిగ్గుపరచింది. గాలి ఆడని ప్లాస్టిక్ పట్టా కింద రాత్రి చెమ్మ నీరై నిలిచి, తలుపుల అడుగు అంచుల్లో రంగు పొక్కులు లేచింది. గోరుతో గీకితే లోపల తుప్పు. బ్యాటరీ చచ్చిపోయింది. కార్బురేటరులో పాత పెట్రోలు జిగటగా పేరుకున్నది. వెనుక చక్రాల బ్రేకులు పట్టేశాయి. మేము భయపడి దాచినందుకే కారు పాడైంది. తిప్పి ఉంటే బాగుండేది. చింత మా మనశ్శాంతినే గాక కారును కూడా తిన్నది.

మేము ఆ బాలుని ఇంటికి నడిచి వెళ్ళి, వాని తల్లి ఎదుట, అమ్మమ్మ ఎదుట క్షమాపణ అడిగాము. పెద్దవారికి చెప్పడం తేలిక, ఎనిమిదేండ్ల పిల్లవానికి చెప్పడం కష్టమని ఆనాడు తెలిసింది. వాడు చాలాసేపు తల ఎత్తలేదు. చివరకు "కారులో కూర్చోనిస్తారా?" అన్నాడు. "సరే" అన్నాము. "ముందు సీట్లో?" అన్నాడు. దానికీ సరే అన్నాము.

ఆ తరువాత నాయనగారి పాత పెట్టెలో ఒక నోటుబుక్కు దొరికింది. ఎప్పుడు ఆయిలు మార్చారో, ఎప్పుడు గ్రీజు పెట్టారో తేదీలతో వ్రాసి ఉన్నది. ఆయన చింతపడకపోవడం అశ్రద్ధ వలన కాదని అప్పుడు గ్రహించాము. చేయవలసిన పని సమయానికి చేసి, మిగిలినది దేవునికి వదిలేవారు. మేమేమో పని మానేసి చింత మాత్రం పెట్టుకున్నాము. ఆ పుస్తకంలోనే కొత్త పేజీ తీసి, మా భయాలన్నీ వ్రాశాము. ఒక్కొక్క దాని ఎదుట "దీనికి మనం చేయగల పని ఏమిటి?" అని వ్రాసుకున్నాము.

తుప్పు భయం ఎదుట: ప్లాస్టిక్ పట్టా తీసివేయాలి, గాలి ఆడే రేకుల పాకలో ఉంచాలి. తలుపుల అడుగున నీరు పోయే రంధ్రాలుంటాయి, మట్టితో పూడుకుంటే నీరు లోపలే నిలుస్తుంది. పుల్లతో వాటిని శుభ్రం చేయాలి. సముద్రం వైపు వెళ్ళి వస్తే అడుగు భాగం మంచినీటితో కడగాలి.

ఆగిపోతుందనే భయం ఎదుట: వారానికొకసారి ఇంజను బాగా వేడెక్కేదాకా తిప్పాలి. ఉన్న చోటనే అయిదు నిమిషాలు స్టార్టు చేసి ఆపితే ఆయిల్లోను, సైలెన్సరులోను చెమ్మ చేరుతుంది. డిక్కీలో ఒక పాయింటు సెట్టు, కండెన్సరు, ఫ్యాను బెల్టు, నీళ్ళ డబ్బా, పాత గుడ్డ ఉంచాలి.

పెట్రోలు భయం ఎదుట: 2025 నాటికి దేశమంతటా బంకులలో 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు వచ్చింది. అది పాత రబ్బరు గొట్టాలను చెడగొట్టవచ్చు, చెమ్మను కూడా పీల్చుకుంటుంది. కాబట్టి గొట్టాలు మార్పించాలి, పెట్రోలు నెలల తరబడి ట్యాంకులో నిలువ ఉంచరాదు.

గవర్నమెంటు పట్టుకెళ్తుందనే భయం ఎదుట: ఆఫీసుకు వెళ్ళి అడగాలి. అడిగాము. ఢిల్లీ ప్రాంతంలోని కట్టుబాట్లు వేరు, మన వైపు సొంత కారుకు 15 ఏళ్ళు దాటితే అయిదేళ్ళకొకసారి బండిని చూపించి రిజిస్ట్రేషను పొడిగించుకోవచ్చని తెలిసింది. 2024లో చేయించాము, ఇక 2029లో చూసుకుంటాము. 50 ఏళ్ళు దాటిన వాహనాలకు 2021లో వేరే నిబంధనలు వచ్చాయి. "వీ.ఏ." అక్షరాలతో నంబరిస్తారు గాని, అట్టి బండిని రోజూ తిప్పరాదు. మాది 2034కు గాని ఆ వయస్సుకు రాదు. అంతవరకు తిప్పుకోవడానికి అడ్డు లేదని సంతోషించాము.

గీతలు పడతాయనే భయం ఎదుట వ్రాయడానికి ఏ పనీ దొరకలేదు. ఆ గడిని ఖాళీగానే వదిలాము. అటువంటివే ప్రార్థనలో పెట్టవలసినవి అని తెలుసుకున్నాము.

మొన్నటి మే నెలలో గుంటూరు వెళ్తుండగా పొన్నూరు దాటాక కారు ఆగిపోయింది. ఎండకు పెట్రోలు పంపు వేడెక్కి, గొట్టంలో పెట్రోలు ఆవిరైపోయింది. పాత కార్లకు ఇది మామూలే. పంపు మీద తడిగుడ్డ వేసి చెట్టు కింద కూర్చున్నాము. ఎదురింటి పెద్దాయన వచ్చి, "మా నాన్నకు కూడా ఇదే బండి ఉండేదండీ" అని మజ్జిగ తెప్పించాడు. గంటసేపు మాట్లాడుకున్నాము. సెల్ఫు కొట్టగానే ఇంజను అందుకున్నది. ఏ భయంతో మూడేండ్లు దూరం వెళ్ళలేదో, అది జరిగినప్పుడు దానికి అయిన ఖర్చు ఒక గంట. దక్కినది ఒక స్నేహం.

ఎడమ తలుపు మీద గీత ఇప్పటికీ ఉన్నది. తుప్పు పట్టకుండా దానిమీద సన్నగా ప్రైమరు రాశాము గాని, రంగు వేయించలేదు. ఆ బాలుడు ఇప్పుడు మా భుజం వరకు ఎదిగాడు. నెలకొకసారి శనివారం సాయంత్రం గ్రీజు గన్ను పట్టుకుని కారు కిందికి దూరుతాడు. క్రిస్మస్ గీతాల రాత్రులలో కారియరుకు నక్షత్రం కట్టేది వాడే. పిల్లలు వంతులవారీగా ఎక్కి ఊరంతా పాడుతూ తిరుగుతారు. ఎవరి చేతి ముద్ర ఎక్కడ పడిందో మేము చూడము. తెల్లవారి తుడుస్తాము.

ప్రియులారా, మీ ఇంట కారు లేకపోవచ్చు. కొత్తగా కట్టిన ఇల్లు ఉండవచ్చు, అప్పు చేసి కొన్న ట్రాక్టరు ఉండవచ్చు, బీరువాలో దాచిన పట్టుచీర ఉండవచ్చు. దానిని చూచినప్పుడు మీకు ముందు సంతోషం కలుగుతున్నదా, భయం కలుగుతున్నదా? భయమే ముందు కలుగుతూ ఉంటే, ఒక కాగితం మీద దానిని వ్రాసి, చేయగల పని ఏదో చేయండి. చేయలేనిది ప్రభువు పాదముల యొద్ద విడిచిపెట్టండి. మీ వస్తువు నిమిత్తము మీరు గద్దించిన పిల్లవాడెవడైనా ఉన్నాడేమో జ్ఞాపకం చేసుకోండి. ఉంటే, ఈ సాయంత్రమే వాని ఇంటికి నడిచి వెళ్ళండి. దేవుడు మిమ్మును, మీ ఇంటివారిని దీవించును గాక.