అండమాన్ యాత్రకు బయలుదేరే కుటుంబాలకు



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లోని మన కుటుంబాలు సెలవులు వస్తే బంధువుల ఇండ్లకో, గండికోటకో, మైలవరం జలాశయానికో వెళ్లి తృప్తిపడేవి. ఇప్పుడు కొందరు అండమాన్ దీవులు చూడాలని ఆశపడుతున్నారు. సంతోషమే. అయితే ఇది శనగ పంటలోనో, చీనీ తోటలోనో, మగ్గం మీదనో సంపాదించి, కొంచెం కొంచెంగా కూడబెట్టిన డబ్బుతో చేసే ప్రయాణము. గనుక మేము కుటుంబముతో వెళ్లి తెలిసికొన్న సంగతులు కొన్ని మీ ముందు ఉంచుతున్నాము.

మొదట కాలము చూచుకోవాలి. మే నెల నుండి నవంబరు వరకు అక్కడ వానలు ఎక్కువ, సముద్రము పొంగుతూ ఉంటుంది. జనవరి నుండి మార్చి వరకు వెళ్లడం మంచిది. పౌలు భక్తుడు రోమాకు పోయేటప్పుడు, ఆ కాలములో ఓడ ప్రయాణము అపాయమని ముందే చెప్పాడు. శతాధిపతి ఆ మాట వినక నావికుని మాట నమ్మాడు. చివరకు ఓడ బద్దలై అందరూ మెలితే ద్వీపానికి చేరవలసి వచ్చింది. ఈ సంగతి అపొస్తలుల కార్యములలో మనము ఎన్నోసార్లు చదివినదే.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వారు ఎర్రగుంట్లలోనూ, పులివెందుల వారు ముద్దనూరులో గాని కడపలో గాని రైలెక్కి చెన్నైకి వెళ్లవచ్చు. విమానానికి ఒక రోజు ముందే చెన్నై చేరితే కంగారు ఉండదు. అక్కడి నుండి విమానములో సుమారు రెండు గంటలు. ఓడలో అయితే దాదాపు మూడు రోజులు. ఓడలు రోజూ ఉండవు గనుక ముందుగా విచారించుకోవాలి. టికెట్ల మీద పేర్లు చూచి తికమకపడవద్దు. 2018లో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీపమని, నీల్ షహీద్ ద్వీపమని పేరు మారాయి. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురమని పేరు పెట్టారు. ఆధార్ కార్డు చేతిలో ఉండాలి. చిన్న దీవులకు పోయేటప్పుడు కొంత రొక్కము కూడా ఉంచుకోవాలి.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఇది. ద్వీపములో మన సెలవుల లెక్క చెల్లదు, సముద్రపు లెక్కే చెల్లుతుంది. ఇక్కడ ప్రొద్దుటూరు బస్సు తప్పిపోతే వెనుక ఇంకొకటి వస్తుంది. అక్కడ గాలివాన వచ్చి పడవలు ఆగిపోతే ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. 2016 డిసెంబరులో తుఫాను వాతావరణము వలన వందలాది యాత్రికులు హేవ్‌లాక్, నీల్ దీవుల్లో చిక్కుకున్నారు. నౌకాదళము వారు వెళ్లి వారిని తీసికొనిరావలసి వచ్చింది. గనుక చిన్న దీవులను ముందు చూచి, ఆఖరి రాత్రి తప్పక పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండండి. పడవ దిగిన రోజే విమానము ఎక్కేలా టికెట్టు తీసికోవద్దు.

అక్కడ తెల్లవారడము త్వరగా, చీకటి పడడము కూడా త్వరగా. చలికాలములో సాయంత్రం ఐదున్నరకే చీకటి. చూడవలసినవి ఉదయమే చూచుకోవాలి. పడవలో కడుపు తిప్పేవారు డాక్టరును అడిగి మాత్రలు తీసికొని పోవాలి. మైలవరంలో ఈత నేర్చిన మన పిల్లలు సముద్రమూ అంతే అనుకుంటారు. అలల క్రింద నీరు లోపలికి లాగుతుంది. పెద్దలు ప్రక్కన లేకుండా దింపవద్దు. అక్కడ ఉప్పునీటి మొసళ్లు కూడా ఉన్నాయి. 2010లో రాధానగర్ తీరము దగ్గర ఒక విదేశీ యాత్రికురాలు మొసలి బారిన పడి చనిపోయింది. హెచ్చరిక బోర్డు ఉన్నచోట కాలు కూడా తడపవద్దు.

దీవులకు మంచినీళ్లంటే వాననీళ్లే. వేసవిలో పోర్ట్ బ్లెయిర్ ప్రజలు కూడా నీళ్లకు ఇబ్బంది పడతారు. బిందె నీటి విలువ ఎరిగిన సీమవారము గనుక, బసలో కొళాయి వదలిపెట్టకుండా మనమే మాదిరిగా ఉండాలి. పగడపు ముక్కలు ఏరుకొని సంచిలో వేసికోవడము నేరము.

బారటాంగ్ వెళ్లే దారి జారవా అనే ఆదివాసుల అడవిలోనుండి పోతుంది. వారిని ఫోటో తీయడము, బిస్కెట్లు ఇవ్వడము చట్టప్రకారము నిషేధము. 1999లో వారికి తట్టు రోగము సోకింది. బయటివారి రోగాలను తట్టుకునే శక్తి వారి ఒంట్లో తక్కువ. 2018లో ఒక అమెరికా యువకుడు సువార్త చెప్పాలని నిషేధాన్ని దాటి ఉత్తర సెంటినెల్ దీవిలో దిగి ప్రాణము కోల్పోయాడు. అతని ఆశను మనము తక్కువ చేయము. కాని మనము మోసికొనిపోయే చిన్న జలుబు ఒక జాతినే తుడిచిపెట్టవచ్చు. ప్రేమ ఉన్నవాడు కొన్నిచోట్ల దూరముగానే నిలబడాలి.

భాష గురించి భయము వద్దు. హిందీ నడుస్తుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుండి వెళ్లి స్థిరపడిన తెలుగువారు చాలామంది ఉన్నారు. మెలితే ద్వీపవాసులు వానలో తడిసిన ప్రయాణికులకు నిప్పు రాజబెట్టి ఆదరించారు. అటువంటి ఆదరణ పొందడానికి తగిన అతిథులుగా మీరు వెళ్లి, క్షేమముగా ఇల్లు చేరుదురు గాక.